పురమాయింపు

మార్చి రెండో ఆదివారం, ఉదయం పది గంటలు. ప్రూఫ్ రీడరు ఇంటి ముందుగదిలో హాజరైనవారు నలుగురు: ప్రూఫ్ రీడరు, అతని తల్లి, తండ్రి, అతను పెళ్లాడదలచిన లిఫ్టు మెకానిక్.

వారిద్దరి పరిచయం ఏడు నెలల క్రితం, నాలుగో అంతస్తుకూ అయిదో అంతస్తుకూ మధ్య జరిగింది. ఆగిపోయిన లిఫ్టులో అతను అప్పటికి నలభై నిమిషాలుగా ఉన్నాడు. పైనుంచి తలుపు తెరిచిన అమ్మాయిని, మెకానిక్ ఎప్పుడొస్తాడని అడిగాడు.

"వచ్చింది. చెయ్యివ్వండి," అన్నది ఆమె.

ఇచ్చాడు. మళ్లీ వెనక్కి తీసుకోవాలని అతనికి అనిపించలేదు.

ఈ ఉదయం అతను ఒక ఒప్పందం రాసి తెచ్చాడు. పెళ్లయ్యాక ఇంటిపనిలో ఎవరి వంతు ఏమిటో అందులో ఉంది: వంట చెరిసగం, గిన్నెలు తనవి, ఉతుకుడు తనది. అక్షరదోషం ఒక్కటీ లేదు. లిఫ్టు మెకానిక్ చదువుతూ ఆఖరి వాక్యం దగ్గర ఆగింది. 'ఇవి కాక నువ్వు ఏ పని చెప్పినా కాదనకుండా చేస్తాను.'

"ఇది కొట్టెయ్యి. లేదంటే పెళ్లిమాట ఇక్కడితో సరి."

అతను తెల్లబోయాడు. తన ప్రేమంతా పెట్టింది ఆ వాక్యంలోనే అన్నాడు.

"బియ్యం నిండుకున్నాయని చూసేది నేను, గుర్తుపెట్టుకునేది నేను, నీకు చెప్పేది నేను. నువ్వు సంచి మోస్తావు. మా దగ్గర అలాంటివాణ్ణి హెల్పర్ అంటారు. నాకు మొగుడు కావాలి."

తండ్రి కలగజేసుకుని, చెప్పిన పని చేసే మగవాడు దొరకడమే అదృష్టమనీ, నలభై ఏళ్లలో తాను భార్య మాట ఒక్కసారీ కాదనలేదనీ సెలవిచ్చాడు.

"నిజమే," అన్నది తల్లి. "నేను చెప్పడం మానేసి ముప్ఫై ఎనిమిదేళ్లయింది. మీకు కాదనే శ్రమ కలగలేదు."

ఊరందరి తప్పులూ దిద్దే ప్రూఫ్ రీడరు ఎర్రకలం తీసి తన వాక్యం కొట్టేశాడు. పైన రాశాడు: 'నాకు కనబడని పనులు ఎవరూ చెప్పకుండా కనిపెట్టడం నేర్చుకుంటాను.'

ఆమె చదివింది. "బాగానే ఉంది. ఒక ఏడాది చూస్తాను."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాతేముంది, అప్పటికి మన పెళ్లయి పదకొండు నెలలవుతుంది."

ఇద్దరూ సంతకాలు చేశారు. అక్షింతలకు బదులుగా తల్లి ఒక తెల్లకాగితం అడిగి పుచ్చుకుని, ఒప్పందం మొత్తం తన దస్తూరీతో ఎత్తి రాసింది. పేర్లు మాత్రం మార్చి, భర్త ముందు పెట్టింది.

ఆయన తన కళ్లజోడు ఎక్కడుందని భార్యను అడిగాడు. ఆమె చెప్పలేదు.

పావుగంట తర్వాత అది ఫ్రిజ్ మీద ఆయనకే దొరికింది. ఆయన రెండుసార్లు చదివి సంతకం పెట్టాడు. ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తన హ్యాండ్‌బ్యాగులో దాచుకుంది.