రెండు గీతల వెడల్పు

“రేపు ఉదయం ఎమ్మిగనూరులో ఒక హత్య జరగబోతోంది. ఆపాల్సింది నువ్వే.”

ఫోన్ తెరమీద చీఫ్ ముఖంలో ఎప్పటిలాగే ఏ భావమూ లేదు. ఆదోనిలో మూతపడిన జిన్నింగ్ మిల్లు గోదాములో కూర్చుని వింటున్నాడు ఏజెంట్ కుమారస్వామి. ఊళ్ళోవాళ్ళ దృష్టిలో అతను వేరుశనగ చేలను పాడుచేస్తున్న అడవిపందుల్ని కొట్టడానికి వచ్చిన లైసెన్స్‌డ్ షూటర్.

“టార్గెట్ డాక్టర్ కస్తూరమ్మ. మన మిస్సైల్ శాస్త్రవేత్త. పుట్టింటికి వస్తున్నారు. విదేశీ ముఠా మనిషి పూలదండ పట్టుకుని జనంలో కలిసి వస్తాడు. నువ్వు వాటర్ ట్యాంక్ మీద. దూరం ఆరువందల మీటర్లు. కాల్చమనే కోడ్ వర్డ్ ‘కండె’. నీ రైఫిల్‌కు స్కోప్ సంగతి వీణ చూసుకుంటుంది.”

వీణ ఆయుధాల విభాగం ఆఫీసర్. నల్లకళ్ళద్దాలు తలమీదికి నెట్టి, వేటగాళ్ళు వాడే స్కోపులు రెండు బల్లమీద పెట్టింది. ఆమె సెంటు ముందు గోదాములోని పత్తిగింజల వాసన కూడా ఓడిపోయింది.

“రెటికిల్ నువ్వే ఎంచుకో. దూరం పోయేకొద్దీ తూటా ఎంత కిందికి దిగుతుందో చూసి గురిపెట్టే గీతలవి. దీంట్లో గీతలు లావు, మసకలోనూ కనబడతాయి. కానీ జూమ్ పూర్తిగా తిప్పితేనే కొలత నిజం. ఇంకోటి ఫస్ట్ ఫోకల్ ప్లేన్. జూమ్‌తో పాటే గీతలూ పెరుగుతాయి. ఎక్కడ ఆపినా కొలత తప్పదు.” రెండోదాన్ని అతని ముందుకు జరిపింది. “కోసిగిలో నీ దగ్గర ఇది ఉండుంటే హరికృష్ణ బతికేవాడు.”

కుమారస్వామి లావు గీతల స్కోప్‌ను పక్కకు నెట్టాడు. రెండేళ్ళ కిందట కోసిగి గుట్టల్లో ఆ లావు గీతల స్కోపే వాడాడు. తొందరలో జూమ్ తగ్గించి, గీత మాత్రం పాత లెక్కనే పెట్టాడు. తూటా స్మగ్లర్‌ను వదిలేసి, వాణ్ణి వెనకనుంచి పట్టుకున్న హరికృష్ణకు తగిలింది. ఆనాటినుంచి స్కోప్‌కు కన్ను ఆనిస్తే చాలు, గీతల మధ్య స్నేహితుడి ముఖం. తిట్టడు, ఏడవడు. చూస్తూ ఉంటాడు. అదే భరించలేడు.

“రెండోదే ఇయ్యండి మేడమ్.”

ఎంచుకున్నది అతను కాదు, అతని భయం. సాయంత్రం గుట్టల చాటున, కింది గీతలతో పనిలేని వంద మీటర్లకు సరిచూస్తే తూటా నడిమధ్యనే పడింది. ఇంక అనుమానం రాలేదు.

తెల్లవారి ఎమ్మిగనూరు ట్యాంక్ మీద బోర్లా పడుకుని కన్ను ఆనించాడు. హరికృష్ణ అప్పటికే వచ్చి ఉన్నాడు. ఈసారి తప్పితే తాను బతికి ఉండటం అనవసరం అనుకున్నాడు కుమారస్వామి.

కోసిగి తర్వాత అతనికో అలవాటు. కొలత తెలిసిన వస్తువును గీతల్లో చూసుకోకుండా ట్రిగ్గర్ ముట్టడు. కస్తూరమ్మ ఇంటి పక్కనే పిట్టగోడ మీదనుంచి అంచు కిందికి వేలాడేలా ఎవరో కొత్త చీర ఆరేశారు. మగ్గం ఉన్న ఇంట్లో పుట్టినవాడికి చీర పన్నా ఎంతో వేరే చెప్పాలా? అంత దూరంలో ఆ వెడల్పు సరిగ్గా రెండు గీతలకు రావాలి.

ఒకటిన్నరకే ఆగిపోయింది.

జూమ్ తిప్పి చూశాడు. అప్పుడూ అంతే. గీతలే దొంగవి.

కస్తూరమ్మ మెట్లమీద నిలబడి అందరికీ నమస్కారం పెడుతోంది. దండవాడు ఆమెకు మూడు మెట్ల కిందికి వచ్చాడు. ఈ గీతల్ని నమ్మి వాణ్ణి కొడితే తూటా రెండున్నర అడుగులు పైకి పోతుంది. అక్కడ ఉన్నది ఆమె గుండె. మన ఏజెంట్ చేతే మన శాస్త్రవేత్తను చంపించాలన్నది ముఠా ప్లాను.

“కండె.” చెవిలో వీణ గొంతు. “నాలుగో గీత. కాల్చు.”

“మేడమ్, ఈ గీతలు యాడ గీయించినారు?”

లైన్ తెగింది.

ఏజెంట్ కాల్చకపోయేసరికి దండవాడు తనే పని ముగించాలనుకున్నాడు. పూలకింద చెయ్యి కదిలింది, నల్లటి పిస్టల్ మొన కనబడింది. రెండు రావాల్సినచోట ఒకటిన్నర వస్తే, నాలుగుకు మూడు. మూడో గీతను వాడి కుడిభుజం మీద ఆనించాడు. సరిగ్గా అక్కడే హరికృష్ణ ముఖం.

“జరుగప్పా,” అన్నాడు మెల్లగా.

ముఖం జరగలేదు. దాంట్లోంచే కాల్చాడు.

పిస్టల్ మెట్లమీద దొర్లింది. భుజం పట్టుకుని వాడు కూలబడ్డాడు. చెదిరిన పూలమధ్య కస్తూరమ్మ నిలబడే ఉంది.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. “ఆదోని స్టేషన్లో రైలెక్కబోతుంటే వీణను పట్టుకున్నాం. ముఠా మొత్తం బయటపడింది. వారం సెలవిస్తున్నా, హాయిగా నిద్రపో.”

“సెలవు మీరిచ్చినారు సార్,” అన్నాడు కుమారస్వామి. “నిద్ర హరికృష్ణ ఇయ్యల్ల.”