రేకుగొట్టం మీది తెల్ల పట్టీ

ఆ ఉదయం కూడా ఏనార్ కంగస్ యాలకుల రొట్టెను కాఫీలో ముంచుకుని తిన్నాడు. కప్పు కడిగి బోర్లించాడు. నేలమాళిగ మెట్ల వైపు చూడకుండా కోటు తొడుక్కుని బయటికి వెళ్ళిపోయాడు. కోడలు ట్రీనా లెక్కపెడుతూనే ఉంది. ఇది పదకొండో రోజు.

మెట్ల దగ్గర అట్టపెట్టె అలాగే ఉంది. అందులో ఉన్నది రాగి గొట్టాల కాయిల్. చూడటానికి లారీ రేడియేటర్‌లా ఉంటుంది. రెండేళ్ళ ఐలీ ఆ పెట్టెనెక్కి కూర్చుని గరిటెతో డప్పు కొడుతోంది, మధ్యమధ్య దగ్గుతోంది. దగ్గు వినిపించినప్పుడల్లా ట్రీనా చేతిలో పని ఆగిపోతోంది.

సెప్టెంబరులో పిల్లకు ఊపిరాడక రెండు రోజులు పట్నంలో ఆసుపత్రిలో ఉన్నారు. ఇంటి లోపల కర్ర మండకూడదని డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. ట్రీనా భర్త కర్ట్ ఇనుపఖనిజం మోసే ఓడ మీద పనివాడు. జనవరిలో సరస్సు గడ్డకట్టేదాకా ఇంటికి రాడు. వెళ్ళేముందు పాత బాయిలరొకటి కొని పెరట్లో, ఇంటికి ముప్పై గజాల దూరంలో నిలబెట్టాడు. పక్కింటి రస్సెల్ కాలువ తవ్వితే, వేడి పోకుండా చుట్టిన గొట్టాలను భూమిలో పరిచాడు. ఇక కర్ర అక్కడ మండుతుంది, వేడినీళ్ళు ఇంట్లోకొస్తాయి. నేలమాళిగలో ఇన్నాళ్ళూ కర్రతో ఇల్లు వేడిచేసిన ఫర్నేస్ పైనున్న రేకుగొట్టాన్ని కోసి కాయిల్ కూర్చోబెడితే చాలు. ఫర్నేస్ ఫ్యాను ఆ వేడిని గదులన్నిటికీ తోస్తుంది. మంట ఉండదు, పొగ ఉండదు.

మిగిలింది ఆ ఒక్క పనే. గని వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళు రేకుపని చేసిన మనిషి ఏనార్. ఇంట్లో గొట్టాలన్నీ ఆయన చేతులతో చేసినవే. పదకొండు రోజుల కింద ‘పూటపని’ అని ఆయనే అన్నాడు. ఆ మర్నాడు టార్చి పట్టుకుని కిందికి దిగాడు. పైకొచ్చాక ఆ ఊసెత్తితే లేచి వెళ్ళిపోతున్నాడు. గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టకూడదని పొద్దున్నే కాసేపు పాత ఫర్నేస్ వెలిగిస్తున్నాడు. ఆ కాసేపటికే పిల్ల పిల్లికూతలు మొదలవుతున్నాయి.

తనంటే ఆయనకు పడదని ట్రీనా నమ్మకం. సరస్సు దాటే పెద్ద వంతెనకు అవతల, దక్షిణపు ఊళ్ళ నుంచి వచ్చిన పిల్ల తను. కట్టెలు పేర్చడం రాదని, మంచు ఎత్తడం రాదని ఆయన మొదట్లో బాగా దెప్పాడు. దానికి బాధ లేదు. కానీ మనవరాలిని ఎత్తుకోడు. పిల్ల చేతులు చాచుకుంటూ ఎదురొస్తే రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని పక్కకు తప్పుకుంటాడు. రెండేళ్ళుగా ఇదే వరస.

ఆ రోజు ఆమె పట్నంలో ముగ్గురు మెకానిక్కులకు ఫోన్ చేసింది. మూడు చోట్లా ఒకే జవాబు, జింకల వేట మొదలవుతోంది కదమ్మా, పదిరోజులాగి మళ్ళీ ఫోన్ చెయ్యి అని. వేట రోజుల్లో ఆ ప్రాంతంలో బడికి కూడా సెలవే. ఓడ నుంచి కర్ట్ మాట్లాడాడు. నాన్నని తొందరపెట్టకు అన్నాడు. మంచు తుపాను వస్తోందని రేడియో చెప్పింది.

ట్రీనా పదకొండో తరగతిలో చదువు మానేసింది. అయినా కాయిల్‌తో వచ్చిన చిన్న పుస్తకాన్ని వేలు పెట్టుకుని మూడుసార్లు చదివింది. ఐలీని కిందికి తీసుకెళ్ళి దుప్పటి మీద కూర్చోబెట్టింది. గొట్టం మీద పెన్సిలుతో నాలుగు గీతలు గీసింది. గీతకు అడ్డంగా, అతుకు చుట్టూ పాత తెల్ల పట్టీ ఒకటి అంటుకుని ఉంది. అంచులు లేచిపోయాయి. ముందది గీకేద్దామని కూరల కత్తి తీసుకుంది.

రెండు గీకులకే వెనుకనుంచి మాట వినిపించింది.

“కత్తి కింద పెట్టు.”

ఏనార్ మెట్ల మీద ఉన్నాడు. గొంతు పెంచలేదు. ట్రీనా కత్తి పెట్టలేదు.

“మీరు చెయ్యరు, నన్ను చెయ్యనివ్వరు. నా మీద కోపముంటే నా మీదే చూపించండి పప్పా. దాని ఊపిరి మీద కాదు.”

“పిల్లని పైకి తీసుకెళ్ళు.”

“ఎందుకు? మీ చేతిపని పాడవుతుందనా?”

“ఆ తెల్లది ఆస్బెస్టాస్. దాని దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగితే ఇక పోదు,” అన్నాడు ఏనార్. “సైమా తడిపి అందిస్తుంటే నేను చుట్టాను.”

సైమా ఆయన భార్య. ఊపిరితిత్తుల జబ్బుతో పోయి ఏడేళ్ళయింది. ట్రీనా ఆమెను ఫొటోలోనే చూసింది.

ఇంకేమీ అడగకుండా పిల్లను చంకనేసుకుని మెట్లెక్కింది. ఏనార్ ఫర్నేస్ ఆపాడు, నేలమాళిగ తలుపు మూసి సందుల్లో తడిగుడ్డలు కుక్కాడు. ముగ్గురూ పెరట్లో ఉన్న సౌనాకు, ఆవిరిస్నానాల గదికి, వెళ్ళారు. ట్రీనా ఐలీ బట్టలన్నీ మార్చి, జుట్టు కడిగి, తన జుట్టూ రెండుసార్లు కడుక్కుంది. వాళ్ళు స్నానం ముగించేదాకా ఏనార్ బయట మంచులోనే నిలబడ్డాడు.

తర్వాత సౌనా ముందుగదిలో బల్ల చివర కూర్చుని, గోడవైపు చూస్తూ చెప్పాడు. ఆ పట్టీ వర్క్‌షాపులో మిగిలిపోయింది. ఊరికే వచ్చిందని తెచ్చాడు. అదొక్కటే కాదు. షాపులో బాయిలర్లకు చుట్టేది కూడా అదే. ముప్పై ఏళ్ళు సాయంత్రంపూట ఆయన విప్పిన బట్టలు వెనక వసారాలో దులిపింది సైమానే. ఆ దుమ్మంతా తన చేతులకూ బట్టలకూ పట్టి ఇంటికొచ్చిందే.

“చివర్లో డాక్టరు దాన్నడిగాడు, ఏం పని చేసేదానివమ్మా అని. ఇంటిపని అంది. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు.”

కర్ట్‌కు తెలుసా అని ట్రీనా అడిగింది. తెలియదన్నాడు.

“నాతో ఆ పట్టీ సంగతొక్కటీ చెప్పాల్సింది.”

“అది చెబితే మొత్తం చెప్పాలి కదా.”

ట్రీనా ఆయనను ఓదార్చలేదు.  అలాంటి అతుకులెన్ని ఉన్నాయని అడిగింది. పదిహేడు అన్నాడు. ఆలోచించకుండా చెప్పాడు. వాటిని తీసే కంపెనీ నంబరెవరి దగ్గరుంటుందని అడిగింది. ఏనార్ చొక్కా జేబులోంచి మడతలు పడిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. పదకొండు రోజులుగా అది అక్కడే ఉంది. ఆమె అప్పుడే ఫోన్ చేసింది.

వాళ్ళు వచ్చి పని ముగించేసరికి తొమ్మిది రోజులు పట్టింది. అన్నాళ్ళూ ముగ్గురి కాపురం సౌనాలోనే. ఆ కుటుంబంలో అది కొత్త కాదు. ఇల్లు కట్టుకోకముందు ఏనార్ తల్లి ఆయనను కన్నదీ ఆ గదిలోనే. కర్ట్ అక్కడి కర్ర పొయ్యి తీయించి కరెంటుది పెట్టించినందుకు, రొట్టెలు కాల్చుకునే డబ్బా తెచ్చాడని రెండేళ్ళు కొడుకును ఎగతాళి చేసిన మనిషి, ఇప్పుడు దానిమీద కాఫీ కాస్తున్నాడు. డాక్టరు ఐలీ ఛాతీ విని, ఒక్కనాటి దుమ్ముకు అంత బెంగ అక్కర్లేదన్నాడు. ట్రీనాకు బెంగ పోలేదు. కానీ అది ఏనార్‌కు కూడా ఉంది. ఒక్కదానికే ఉండటంకన్నా అది నయం.

నాలుగోరోజు కర్ట్ ఫోన్ చేస్తే ఏనార్ తనే తీసుకున్నాడు. ట్రీనా పిల్లనెత్తుకుని కట్టెల షెడ్డుకు వెళ్ళింది. చాలాసేపటికి తిరిగొచ్చేసరికి ఫోన్ బల్ల మీద ఉంది, ఆయన కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. “వాడికంతా చెప్పాను. మంచు పడుతోందా అనడిగాడు,” అన్నాడు.

తెల్ల సూట్లలో వచ్చిన కంపెనీవాళ్ళు పట్టీలన్నీ తీసి, గాలి పరీక్ష చేసి, బాగుందని కాగితమిచ్చి వెళ్ళారు. మర్నాడు ఏనార్ కొత్త రేకు పరిచాడు. ఆయన చూపు అంత బాగా లేదు. కత్తెర కోడలికిచ్చాడు.

“ఎర్ర పిడి కత్తెర ఎడమకి తిరిగి కోస్తుంది. దాంతో పోట్లాడకు, అది పోయే వైపు పోనివ్వు.” తర్వాత గొట్టం మీది పెన్సిలు గీతలు చూశాడు. “ఇవి గీసింది నువ్వేనా? ఇది చల్లగాలి లోపలికొచ్చే వైపు. ఇక్కడ పెడితే వేడంతా ఫ్యాను మోటారుకే కొడుతుంది. వంతెన అవతల ఇలాగే చేస్తారేమో.”

“అక్కడ అడిగితే చెప్పే మామలుంటారు,” అంది ట్రీనా.

ఆయన ముక్కుతో నవ్వాడు. ఫ్యాను దాటాక, వేడిగాలి పైకి పోయే చోట కాయిల్ పట్టే రేకుపెట్టె బిగించాడు. కాయిల్‌ను అతికించేయకుండా సొరుగులా బయటికి లాగడానికి కింద పట్టాలు పెట్టాడు. ఏటా ఒకసారి లాగి దుమ్ము తుడవాలి, నువ్వే తుడవాలి, తడిగుడ్డతో అన్నాడు. అలాగే అంది.

శనివారం బాయిలర్ వెలిగించారు. మధ్యాహ్నానికల్లా నేల జాలీల్లోంచి వెచ్చటి గాలి వచ్చింది. వాసన లేదు. ఐలీ తన ఊలు టోపీ తెచ్చి జాలీ మీద పెట్టి, అది కదులుతుంటే చూస్తూ కూర్చుంది. గంటసేపు దగ్గలేదు. ట్రీనా గడియారం చూస్తూనే ఉంది.

సాయంత్రం ఏనార్ సౌనాకు వెళ్ళాడు. ఎప్పటికన్నా ఆలస్యంగా వచ్చాడు. కోటు వసారాలోనే వదిలేశాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. రుద్ది రుద్ది చేతులు ఎర్రబడ్డాయి. జాలీ పక్క కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ ముందుకు చాచాడు.

“ఇలా ఇవ్వు,” అన్నాడు.

ట్రీనా పిల్లను ఎత్తి ఆయన ఒళ్ళో పెట్టింది. ఐలీ ఆయన వేళ్ళు ఒక్కొక్కటే పట్టుకుని చూసింది. ఎప్పుడూ వీపు వెనకే ఉండే చేతులవి. ట్రీనా కరెంటు పొయ్యి వైపు తిరిగి, పొంగని కాఫీ కింద వేడి తగ్గించింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ వెనక్కి తిరిగేసరికి, పిల్ల ఆ చొక్కా మీద తలవాల్చి నిద్రపోయింది. ఆయన కదలకుండా కూర్చుని దాని ఊపిరి వింటున్నాడు.