ఆగిపోయిన రొద

మైకు నేలకు తగిలిన చప్పుడు హాలంతా మార్మోగింది. ఆ వెనకే గాయని కుప్పకూలింది.

ఇదంతా ఎస్సైకి జానెడు దూరంలో జరిగింది. అప్పుడతను ఎస్సైలా లేడు. యూనిఫాం ఇంట్లో విప్పేసి, బేస్ గిటార్ భుజాన వేసుకుని, వేదిక మీద వెనక వరుసలో నిలబడ్డాడు. సెలవు దొరికిన శనివారాల్లో అతను బ్యాండులో బేస్ వాయిస్తాడు. పడిపోయినామె ఆ బ్యాండు గాయని. అతని భార్యకు స్వయానా అక్క.

సాయంత్రం ప్రోగ్రాంకి సౌండ్ చెక్ జరుగుతోంది. ఎస్సై ఊరికే తీగలు మీటుతున్నాడు.

"అబ్బ, ఇక ఆపండి మరిదిగారూ! సాయంత్రానికి కూడా కాస్త దాచుకోండి."

ఆమె నవ్వుతూ వచ్చింది. ఎడమ చేతిలో మైకు. కుడి అరచేతిని బేస్ తీగల మీద ఆనించింది.

అంతే. నవ్వు ముఖం మీదే గడ్డకట్టింది. చెయ్యి తీగలకు అతుక్కుపోయింది. ఎస్సై చేతికి చీమ కుట్టినట్టయింది. అతను నిలబడింది పొడి చెక్క మీద. కాళ్ళకు రబ్బరు బూట్లు.

"కరెంట్! ఎవరూ ముట్టుకోకండి!"

లీడ్ గిటారిస్టు ఒక్క దూకు దూకాడు. బేస్ మోత పెంచే ఆంప్ డబ్బా వెనక్కి వెళ్ళి ప్లగ్ పీకేశాడు. అతనే బ్యాండు లీడరు, గాయని భర్త. వరసకు ఎస్సైకి తోడల్లుడు.

ఆమెకు ఊపిరి లేదు. ఎస్సై మోకాళ్ళ మీద కూర్చుని, ట్రైనింగులో నేర్చుకున్నట్టు గుండె మీద నొక్కడం మొదలుపెట్టాడు. ఎంతసేపు నొక్కాడో అతనికే తెలియదు. చివరికి ఆమె ఛాతీ ఒకసారి ఎగసింది. స్పృహ మాత్రం రాలేదు.

*

ఆసుపత్రి వరండాలో సీఐ గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"ఆ డబ్బా ఎవరిది?"

"బేస్ ఆంపా సార్? నాదే."

"కొత్తదా?"

"సెకండ్ హ్యాండ్."

"బాగు చేయించావా?"

"చేయించలేదు సార్. నేనే చేశాను. పోయిన వారం ట్రాన్స్‌ఫార్మర్ మార్చాను."

సీఐ గోడ వదిలి దగ్గరికొచ్చాడు.

"హాలు ఎలక్ట్రీషియన్‌ని స్టేషన్లో కూర్చోబెట్టాను. వాడు నా వైరింగ్ బంగారం అంటున్నాడు. అదే నిజమైతే మిగిలేది నువ్వే. ఆవిడకేమైనా అయితే కేసు నీ మీదే రాస్తాను. ఉద్యోగం సంగతి వేరే చెప్పక్కర్లేదు."

"అర్థమైంది సార్."

"నాకు ఆ డబ్బాల భాష రాదు. నీకొచ్చు. వెళ్ళి చూడు, పక్కన మన కానిస్టేబుల్ ఉంటాడు. తప్పు నీదని తేలినా నువ్వే వచ్చి నాకు చెప్పాలి. చెప్తావా?"

"చెప్తాను సార్."

ఐసీయూ ఎదుట బెంచీ మీద భార్య కూర్చుని ఉంది. పెళ్ళయి రెండు నెలలు. ఆ ఆంప్‌ని ఆమె 'నా సవతి' అంటుంది. బ్యాండు ఉన్న ప్రతి శనివారం రెండంతస్తుల మెట్ల మీద దాన్ని చెరో పక్కా పట్టుకుని దింపుతారు. మెట్టుకొక తిట్టు తిడుతుంది సవతిని. మలుపు దగ్గర ఆగి, ఆయాసపడుతూ నవ్వుకుంటారు. ఆ నవ్వు కోసమే అతను దానికి చక్రాలు బిగించడం వాయిదా వేస్తూ వచ్చాడు.

ఇప్పుడామె నవ్వడం లేదు.

"అక్కకి షాక్ కొట్టింది మన ఆంప్ వల్లేనా?"

"తెలీదు."

"మీరు బాగు చేసినందుకా?"

"తెలీదు."

"తెలుసుకోండి." ఆమె ముఖం పక్కకు తిప్పుకుంది. "తెలుసుకున్నాకే ఇంటికి రండి."

*

మర్నాడు ఉదయం హాలు తలుపు సీలు కానిస్టేబుల్ తీశాడు. వేదిక నిన్నటిలాగే ఉంది. డ్రమ్స్, రెండు ఆంప్‌లు, పాములు పెనవేసుకున్నట్టు కేబుళ్ళు. వాటి మధ్య పడి ఉన్న మైకు.

ఎలక్ట్రీషియన్‌ని పిలిపించారు. స్టేషన్ బల్ల మీద కూర్చుని అతని నడుము పట్టేసింది. నోరు మాత్రం పట్టేయలేదు.

"మీ బ్యాండ్ల వాళ్ళు కాలు పెట్టాకే నా హాలుకి రోగాలొచ్చాయండీ. వచ్చినవాడల్లా ఇది గుయ్యిమంటోంది, అది కుయ్యిమంటోంది అని నా ప్రాణాలు తోడతాడు."

"నిన్న కూడా గుయ్యిమందా?"

"అనకేం? మీ లీడరుగారు వచ్చి నా మీద ఎగిరారు. రికార్డింగ్ పాడవుతుందట. మీరు తెచ్చిన సామాను గోల అది, నన్నడుగుతారేంటి అన్నాను."

"గోడ సాకెట్లో ఎర్త్ ఉందా?"

"మీటరు మీ చేతిలోనే ఉందిగా? చూసుకోండి."

ఎస్సై చూశాడు. ఎర్త్ ఉంది.

తర్వాత డ్రమ్మరు. పేరెవరికీ గుర్తులేదు, అందరూ గుండు అనే పిలుస్తారు. ఎక్స్‌టెన్షన్ బోర్డు అతనిది.

"ఈ బోర్డు ఎక్కడిది గుండూ?"

"మా ఇంట్లోదే. మా ఆవిడ మిక్సీ దీనికే పెడుతుంది. ఇన్నేళ్ళలో ఆవిడకి ఒక్క షాక్ కొట్టలేదు. నాకు రోజూ కొడుతూనే ఉంటాయి గానీ, అవి బోర్డు వల్ల కాదులే."

ఎవరూ నవ్వలేదు. గుండు తల దించుకున్నాడు. "వదినమ్మ బతుకుతుందంటావా?"

ఎస్సై బోర్డు మీదకు వంగాడు. మీటరు పుల్ల బోర్డు రంధ్రంలో పెట్టాడు. ఎర్త్ ఉంది. ఆంప్ ప్లగ్ చూశాడు. మూడు పిన్నులూ ఉన్నాయి. ప్లగ్ నుంచి ఆంప్ ఒంటి వరకు ఎర్త్ తీగ ఎక్కడా తెగలేదు.

ఇక మిగిలింది ఒక్కటే. ఎర్త్ పిన్ను విడదీసి ఆంప్‌కి కరెంటిచ్చాడు. బేస్ తీగ మీద మీటరు పుల్ల ఆనించాడు. ముల్లు నూరు దాటి వణికింది.

లీకు. అతను మార్చిన ట్రాన్స్‌ఫార్మరు నుంచే.

ఎర్త్ మళ్ళీ కలిపాడు. ముల్లు సున్నాకి పడిపోయింది.

అతను అక్కడే గొంతుక్కూర్చున్నాడు. ఎర్త్ ఉంటే ఆ లీకు భూమిలోకి పోతుంది, తీగల మీదకు రాదు. నిన్న వచ్చింది. అంటే ఆ సమయానికి ఎర్త్ లేదు. ఇప్పుడు అన్నిచోట్లా ఉంది. అదెలా?

తోడల్లుడికి ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, ప్లగ్ పీకింది నువ్వే కదా?"

"నేనే. మర్చిపోయావా? ఇంకో క్షణం ఆలస్యమైతే దాని ప్రాణం పోయేది."

"పీకేటప్పుడు ఏమైనా తేడా కనిపించిందా?"

"పెళ్ళాం చచ్చిపోతుంటే తేడాలు చూస్తారా తమ్ముడూ? నేనేమీ అనట్లేదు. ఆంప్ నీదే అయినా సరే, నేను నిన్నొక్క మాట అనను."

ఫోన్ పెట్టేశాక కూడా ఆ మాట ఎస్సై చెవిలో ముల్లులా ఉండిపోయింది.

*

మధ్యాహ్నం భార్య హాలుకి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. చేతిలో ఫోను.

"అక్కకి ఇంకా మెలకువ రాలేదు. ఇదిగో, నిన్న నేను తీసిన వీడియో. మీకేమైనా పనికొస్తుందేమోనని..." ఆమె తడబడింది. "కాకపోతే ఇందులో మీరు తప్ప ఎవరూ లేరు."

"నన్ను ఒక్కణ్ణే తీశావా? ఎంతసేపు?"

"అంతసేపూ." ఆ దుఃఖంలోనూ ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "చూడండి, అంతే. ఏమీ అనకండి."

నిజంగానే అంతా అతనే. వేదిక అంచున నిలబడి, బేస్ తలకు ట్యూనరు తగిలించుకుని, నాలుక పంటి కింద పెట్టుకుని తీగలు సరిచేస్తున్నాడు. వెనక మసకగా ఆంప్ ఎర్ర దీపం. దాని పక్కన గాయని మైకు సవరించుకుంటోంది. గుండు డ్రమ్స్ బిగిస్తున్నాడు.

మొదటిసారి ఏమీ దొరకలేదు.

రెండోసారి అతను కళ్ళు మూసుకుని విన్నాడు. బేస్ వాయించేవాడి బతుకు వింతైనది. వాయిస్తున్నంతసేపూ వాడున్నాడని ఎవరికీ తెలియదు. వాడు ఆగితేనే, పాటలో ఏదో కూలిపోయిందని జనం తలెత్తి చూస్తారు. అందుకే వాడికి శబ్దాలకన్నా, శబ్దాలు ఆగిన చోట్లు ఎక్కువ వినిపిస్తాయి.

అతను ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు.

"ఏం వినిపించింది?" అంది భార్య.

"ఏమీ వినిపించలేదు."

"అదేంటి?"

"అదే. మళ్ళీ పెట్టు."

ఈసారి కళ్ళు తెరిచి చూశాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకోలేదు.

*

సాయంత్రం ఎస్సై పిలిస్తే నలుగురు వేదిక మీదకు వచ్చారు. సీఐ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎలక్ట్రీషియన్, గుండు, లీడరు నిలబడ్డారు. భార్య మెట్ల దగ్గరే ఆగిపోయింది.

ఎస్సై ఆంప్‌లన్నీ ఆన్ చేశాడు. హాలంతా సన్నటి రొద నిండింది. వందల తేనెటీగలు డబ్బాలో చిక్కుకున్నట్టు.

"నిన్న మనం వచ్చినప్పుడు ఈ రొద ఉంది. గుర్తుందా గుండూ?"

"ఉంది. చెవులు దిబ్బెళ్ళు పడ్డాయి."

"తర్వాత?"

"తర్వాత... పోయింది కదా?"

"ఎందుకు పోయింది?"

"ఎవరికి తెలుసు? పీడ పోయిందనుకున్నాం."

"నేనూ అలాగే అనుకున్నాను. ఇప్పుడిది వినండి."

అతను జేబులోంచి చిన్న తెల్లటి కన్వర్టర్ తీశాడు. మూడు పిన్నుల ప్లగ్‌ని రెండు రంధ్రాల్లో పెట్టుకునే రకం, దానికి ఎర్త్ ఉండదు. చేతికి రబ్బరు గ్లవుజు తొడుక్కుని, ఆంప్ ప్లగ్ పీకి, దాన్ని తగిలించి మళ్ళీ పెట్టాడు.

రొద ఠక్కున ఆగిపోయింది.

"ఆంప్‌లన్నిటికీ ఎర్త్ ఉంటే ఒక్కోసారి ఇలా గుయ్యిమంటాయి. ఒకదానికి ఎర్త్ తీసేస్తే ఆగుతుంది. బ్యాండ్లలో చాలామందికి తెలిసిన చిట్కా." అతను టెస్టర్ బేస్ తీగకు ఆనించాడు. చిన్న బల్బు వెలిగింది. "దాని ఖరీదు ఇది. వదిన రెండో చేతిలోని మైకుకి ఎర్త్ ఉంది, కరెంటు ఆమె ఒంట్లోంచి పోయింది."

సీఐ ముందుకు వంగాడు. "నిన్న ఇది పెట్టిందెవరు?"

"వీడియోలో ఒకచోట ఈ ఎర్ర దీపం ఆరి, మళ్ళీ వెలుగుతుంది సార్. అక్కడే రొద ఆగుతుంది. నేను ట్యూన్ చేసుకుంటున్నాను, నాకు తెలియలేదు. అప్పుడు వదిన మైకు దగ్గరుంది. గుండు డ్రమ్స్ దగ్గరున్నాడు. వీడియో తీస్తున్నది నా భార్య."

"ఎలక్ట్రీషియనో?"

"నేను బయట టీ తాగుతున్నానండీ!" అన్నాడు ఎలక్ట్రీషియన్. "గేటు కెమెరాలో చూసుకోండి!"

"చూశాను. నిజమే," అన్నాడు ఎస్సై. "కన్వర్టర్ నిన్న ఇక్కడుంది. ఇప్పుడు లేదు. వదిన పడిపోయాక ఆ ప్లగ్ ముట్టుకున్న చెయ్యి ఒక్కటే. మనమంతా ప్రాణం కాపాడావని మెచ్చుకున్న చెయ్యి."

అందరూ లీడరు వైపు తిరిగారు.

"బావా?" మెట్ల దగ్గర్నుంచి భార్య గొంతు.

అతను ఆమె వైపు చూడలేకపోయాడు. భుజాన ఉన్న తన గిటార్ కవరు జిప్పు తీసి, తెల్లటి కన్వర్టర్ తీసి స్పీకరు మీద పెట్టాడు.

"పాత బ్యాండులో అందరం ఇదే చేసేవాళ్ళం. ఎవరికీ ఏమీ కాలేదు. రికార్డింగ్ బాగా రావాలనుకున్నాను. దాని గొంతు శుభ్రంగా వినపడాలనుకున్నాను."

"పడిపోయాక?"

"ప్లగ్ పీకితే ఇది కూడా చేతిలోకొచ్చింది. అప్పుడర్థమైంది. భయమేసి జేబులో వేసుకున్నాను. తర్వాత ఈ కవర్లో దాచాను."

"ఎలక్ట్రీషియన్ స్టేషన్లో ఉన్నప్పుడు?"

లీడరు కవరు జిప్పు మళ్ళీ మూశాడు.

"నన్ను అనుమానిస్తున్నప్పుడు?"

"నీ ఆంపే కదా కొట్టింది అనుకున్నాను." లీడరు తలెత్తాడు. "అందులో సగం నిజమే కదా తమ్ముడూ?"

ఎస్సై తన ఆంప్ వైపు చూశాడు. ఆ ప్రశ్న నుంచి తప్పించుకునే దారి అతని ముందే ఉంది. సీఐ ఎదురుచూస్తున్నాడు.

"సగం నిజమే." అతను సీఐ వైపు తిరిగాడు. "సార్, రెండు పేర్లూ రాయండి. ఎర్త్ తీసింది, దాచింది అతను. లీకు నా పనితనం. బాగు చేశాక పరీక్ష చేయకుండా వేదిక మీదకు తెచ్చాను. ఎలక్ట్రీషియన్‌ని ఇంటికి పంపండి."

"నడుం నొప్పికి ఎవరు చూస్తారు?" అన్నాడు ఎలక్ట్రీషియన్. ఎవరూ పట్టించుకోలేదు.

భార్య మెట్లెక్కి వచ్చింది. బావను దాటుకుని వచ్చి భర్త పక్కన నిలబడింది.

అప్పుడే ఆమె చేతిలో ఫోన్ మోగింది. విన్నది. మాట రాక తల మాత్రం ఊపింది, గట్టిగా, మళ్ళీ మళ్ళీ.

"మెలకువొచ్చిందట!"

సీఐ లేచాడు. "ముందు అక్కడికి పదండి. స్టేషన్ ఎక్కడికీ పోదు."

*

ఐసీయూ గది ముందు లీడరు ఆగిపోయాడు.

"నువ్వు చెప్పు తమ్ముడూ. నా వల్ల కాదు."

"నీ భార్య. నువ్వే చెప్పాలి."

అతను లోపలికి వెళ్ళాడు. తలుపు మూసుకుంది. మొదట ఏమీ వినిపించలేదు. ఎస్సై గోడ కేసి చూస్తూ నిలబడ్డాడు. భార్య అతని చొక్కా చేతి అంచు పట్టుకుని మెలితిప్పుతోంది.

ఉన్నట్టుండి లోపల్నుంచి ఒక కేక. తర్వాత ధారగా మాటలు. నర్సు పరుగెత్తుకొచ్చి, తలుపు దగ్గర విని, నోరు నొక్కుకుని వెనక్కి వెళ్ళిపోయింది.

లీడరు బయటికొచ్చాడు. చెంపల మీద కన్నీళ్ళు తుడుచుకోలేదు.

"ఏమంది?" అన్నాడు ఎస్సై.

"తిట్టింది. జన్మలో తిట్టనన్ని తిట్లు. ఊపిరి తీసుకోకుండా."

"గొంతు?"

"చెక్కుచెదరలేదు."

భార్య నవ్వబోయి ఏడ్చేసింది. సీఐ కిటికీ బయట ఏదో ఉన్నట్టు అటు తిరిగాడు.

"ఇంకా అయిపోలేదు," అన్నాడు లీడరు ముక్కు ఎగబీలుస్తూ. "ట్రాన్స్‌ఫార్మర్ మార్చిన మహానుభావుణ్ణి లోపలికి పంపమంది."

ఎస్సై చొక్కా సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. తలుపు తోశాడు.