ఆపరేషన్ మెనూ కార్డ్

"తినడానికి పంపిస్తున్నాం బహదూర్, చావడానికి కాదు," అన్నాడు ద్వారకానాథ్.

ఆ రెండో ముక్క ఎందుకన్నాడో ఏజెంట్ బహదూర్‌కి అర్థమైంది. ఈసారి చావు ఇంకొకరి వాటాకి వచ్చిందన్నమాట.

1999 డిసెంబర్ 24, మధ్యాహ్నం మూడు గంటలు. సిడ్నీ వెస్ట్‌మీడ్‌లో ఒక అద్దె ఫ్లాట్. తలుపు మీద 'వై2కే కన్సల్టెన్సీ' అని బోర్డు ఉంది. 2000 సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తెలీక తికమకపడతాయన్న భయంతో ఊరంతా అవే బోర్డులు కాబట్టి ఎవరూ రెండోసారి చూడరు. లోపల నడిచేది మాత్రం పేరులేని ఒక గూఢచారి శాఖ. దానికి చీఫ్ ద్వారకానాథ్, మంచి మాటకారి, మనసు సంగతి ఎవరికీ తెలియదు.

"టార్గెట్ పేరు హెర్మన్. ఏ దేశం వాడో ఏ దేశానికీ తెలీదు. పశ్చిమ సిడ్నీ కరెంటు నడిపే కంప్యూటర్లలోకి వై2కే ప్యాచ్ పేరుతో టైమ్‌బాంబ్ ఎక్కించాడు. ముప్పై ఒకటి రాత్రి పన్నెండు కొట్టగానే సప్లై ఆగిపోతుంది, సబ్‌స్టేషన్లు మాడిపోతాయి. ఇంక వారాల తరబడి చీకటే. ఆస్పత్రులు, ఇన్‌క్యుబేటర్లలో పసిపిల్లలు... నేను చెప్పక్కర్లేదుగా."

"ప్యాచ్ పీకేస్తే?"

"ముట్టుకుంటే అప్పుడే పేలుతుంది. పన్నెండంకెల స్టాప్ కోడ్ కావాలి. అది తెలిసినవాళ్ళు ఇద్దరే. హెర్మన్, వహీదా."

వహీదాది నెల్లూరు. క్వేకర్స్ హిల్‌లో అమ్మతో ఉంటూ కాంట్రాక్టు మీద ప్రోగ్రాములు రాసేది. వీసా గడువు ముగుస్తున్న రోజుల్లో ఆమెను ఈ పనిలోకి దింపినవాడు బహదూరే. "ఒక్క మిషన్ చెయ్యండి. తిరిగొచ్చేసరికి ఇక్కడే ఉండిపోవడానికి పీఆర్ స్టాంపు రెడీగా ఉంటుంది. నాదీ పూచీ," అన్నాడు. ఆమె నమ్మింది. 'మంగళ' అనే కొత్త పేరుతో హెర్మన్ ముఠాలో చేరింది, వాడి ప్రోగ్రామర్ అయింది. ఇప్పుడు థాయ్‌లాండ్‌లో, చియాంగ్‌మాయ్ ఊళ్ళో, వాడి గుప్పిట్లో ఉంది.

"ఇరవై నాలుగ్గంటలూ కాపలా. ఫోన్ లేదు, కాగితం లేదు," అన్నాడు ద్వారకానాథ్. "కానీ హెర్మన్ భోజనప్రియుడు. రోజూ సాయంత్రం ఒక్కో దేశపు హోటల్‌కి ఆమెను తీసుకెళ్తాడు. ఆ ఊళ్ళో మెనూ కార్డు మీద ప్రతి వంటకానికీ నంబరుంటుంది. ఆమె నంబరు చెప్పి ఆర్డరిస్తుంది. రోజుకి రెండంకెలు, ఆరు రోజులు. కాపలా పడకముందు పంపిన చివరి కబురులో ఆమే చెప్పిందిది, ఏ రోజు ఏ హోటలో కూడా. నువ్వు పక్క టేబుల్ మీద తింటూ వినాలి. నీ పేరు శ్రీపతి, ఫుడ్ మ్యాగజైన్ రైటర్‌వి."

"తర్వాత ఆమెను ఎలా తీసుకురావాలి?"

ద్వారకానాథ్ కళ్ళజోడు తుడుచుకున్నాడు. "అది నీ బ్రీఫ్‌లో లేదు."

"నేను మాటిచ్చాను సర్."

"నువ్విచ్చావు. మేమివ్వలేదు."

అయినా బహదూర్ టికెట్ తీసుకున్నాడు. అతను వెళ్ళకపోతే ఇంకొకడు వెళ్తాడు, ఆ ఇంకొకడు ఆమె ముఖం కూడా చూడడు.

* * *

తిండి కోసమే పుట్టిన ఊరు చియాంగ్‌మాయ్. నది ఒడ్డున ఇటాలియన్ హోటల్, సందు తిరిగితే జపాన్, దాని ఎదురుగా లెబనాన్. ఒక వీధి ఈ చివరి నుంచి ఆ చివరికి నడిస్తే సగం ప్రపంచం వాసన తగులుతుంది. చేతిలో పాస్‌పోర్టూ కడుపులో ఆకలీ ఉన్నవాడికి అంతకంటే స్వర్గం లేదు. బహదూర్‌కి రెండూ ఉన్నాయి, స్వర్గమే లేదు.

ఇరవై ఆరో తేదీ, ఇటాలియన్. కట్టెల పొయ్యిలోంచి పిజ్జాలు పొగలు కక్కుతూ వస్తున్నాయి. కిటికీ పక్కన హెర్మన్, వెనకాల కాపలావాడు, ఎదురుగా నల్ల పట్టు గౌనులో, ముదురెరుపు లిప్‌స్టిక్‌తో వహీదా. హోటలంతా ఆమెనే చూస్తోంది. ఆమె మెనూ మూసి, "నంబర్ ఫార్టీ వన్," అంది. పుట్టగొడుగుల రిసోట్టో అని బహదూర్ రాసుకున్నాడు. ఫుడ్ రైటర్ రాసుకుంటే ఎవరికి అనుమానం?

ఆమె ప్లేటు వచ్చింది. ఆమె ముట్టుకోలేదు. అతని ప్లేటూ వచ్చింది. అతనూ ముట్టుకోలేదు.

అది రంజాన్ నెల.

ప్రయాణికుడికి ఉపవాసం నుంచి మినహాయింపు ఉంది. ఆ సంగతి బహదూర్‌కి తెలుసు. కానీ పన్నెండో ఏట నుంచీ ఒక్క రోజా తప్పనివాడు, రోజుకో మారుపేరుతో బతికేవాడు, ఈ ఒక్కటైనా తనదిగా ఉంచుకోవాలనుకున్నాడు. సూర్యాస్తమయం కాగానే గ్లాసెత్తి నీళ్ళు తాగాడు. అవతలి టేబుల్ దగ్గర వహీదా గ్లాసు కూడా సరిగ్గా అప్పుడే లేచింది.

ఒకరినొకరు చూసుకోలేదు. అయినా ఆ క్షణంలో అతనికి ఏడుపొచ్చినంత పనైంది. ఇంటికి అంత దూరంలో, మాటా పలుకూ లేకుండా, ఇద్దరు కలిసి ఇఫ్తార్ చేస్తున్నారు.

ఇరవై ఏడు, జపాన్. నంబర్ సెవెన్టీన్. రొయ్యల టెంపురా కరకరలాడింది. ఇరవై ఎనిమిది, లెబనాన్. ఎయిటీ. వేడి రొట్టె హమ్మస్‌లో అద్దుకు తింటుంటే నిమ్మరసానికి నాలుక పులకరించింది. ఇరవై తొమ్మిది, మెక్సికో. ట్వంటీ సిక్స్. ముప్పై, జర్మనీ. ఫిఫ్టీ త్రీ. ప్రతి సాయంత్రం రుచి బాగానే ఉంది, సగం ప్లేటు మాత్రం వెనక్కే వెళ్ళింది. ఒక్కో నంబరూ సిడ్నీకి వెలుగు. ఒక్కో నంబరూ ఆమెకి ఒక రోజు తక్కువ.

పది అంకెలు చేతికొచ్చాయి. ఇంక రెండే మిగిలాయి.

* * *

ముప్పై ఒకటో తేదీ, శుక్రవారం. సిడ్నీలో అర్ధరాత్రంటే ఇక్కడ రాత్రి ఎనిమిది.

చివరి హోటల్ చైనా ముస్లిముల సందులో ఉంది. చిన్నది. ఆ ఊరి సొంత వంటకం ఖావ్ సోయ్‌కి పేరుపడ్డది. బహదూర్ లోపలికి అడుగుపెట్టగానే హెర్మన్ చెయ్యి ఊపాడు.

"రండి మిస్టర్ శ్రీపతీ! ఆరు రోజులుగా ఒకే హోటళ్ళకి వస్తున్నాం. ఇవాళ కలిసి తిందాం."

బహదూర్ కూర్చున్నాడు. ఎదురుగా వహీదా. కాపలావాడు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"మా వాడొక తమాషా కనిపెట్టాడు," అన్నాడు హెర్మన్, నాప్‌కిన్ ఒళ్ళో పరుచుకుంటూ. "ముక్కూ మొహం తెలియని ఇద్దరు రోజూ ఒకే నిమిషానికి నీళ్ళ గ్లాసెత్తుతున్నారట. నేను కాలెండర్ చూశాను. రంజాన్. శ్రీపతికీ మంగళకీ రంజాన్‌తో ఏం పని?"

బహదూర్‌కి తన వేషాలన్నీ గుర్తొచ్చాయి. ఎన్ని మీసాలు పెట్టాడు, ఎన్ని గొంతులు మార్చాడు! తీరా పట్టిచ్చింది తనలోని ఒక్క నిజమైన అలవాటు. తనతోపాటు ఆమెనీ పట్టిచ్చింది.

మూడు గిన్నెలు వచ్చాయి. హెర్మన్ ముందే ఆర్డరిచ్చేశాడు. కొబ్బరిపాల పులుసులో నూడుల్స్, కోడిముక్క, పైన కరకరలాడే వేపుడు నూడుల్స్, పక్కన నిమ్మచెక్క. హెర్మన్ గోడగడియారం చూపించాడు. ఐదూ నలభై. ఇంకా పన్నెండు నిమిషాలుంది.

"తినండి," అన్నాడు. "ఇప్పుడే."

బహదూర్ చెంచా అందుకున్నాడు. ఇరవై ఆరేళ్ళలో తప్పని రోజా. దేవుడు క్షమిస్తాడు, ఆయనకి పరిస్థితి తెలుసు. ఆమె కూడా తినేస్తే ఇద్దరూ బయటపడొచ్చు. పులుసు జుర్రి, "అద్భుతం!" అన్నాడు. నిజంగానే అద్భుతంగా ఉంది, అందుకు తనని తానే తిట్టుకున్నాడు.

వహీదా అతన్ని చూసింది, ఆరు రోజుల్లో మొదటిసారి. తినమని అతని కళ్ళు బతిమాలాయి. తింటే ఆమె బతుకుతుంది. కానీ ఆర్డరు హెర్మన్ ఇచ్చేశాడు. చివరి రెండంకెలు చెప్పే దారి మూసుకుపోయింది.

ఆమె గిన్నెను మెల్లగా అవతలికి తోసింది. సర్వర్ని పిలిచింది.

"నాకిది వద్దు. నంబర్ నైన్టీ ఫోర్ తీసుకురండి. పన్నెండు నిమిషాలయ్యాక."

హెర్మన్ గట్టిగా నవ్వాడు. వెతుకుతున్నది దొరికినవాడి నవ్వు. "అయితే ఒక్కరే. మిస్టర్ శ్రీపతీ, క్షమించండి. మీకు దాహం ఎక్కువ, అంతే."

కాపలావాడు ఆమె మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె లేచింది, గౌను సర్దుకుంది. వెళ్తూ బహదూర్‌తో ఇంగ్లీషులో, "మీరు పూర్తిగా తినండి, చల్లారితే బాగుండదు," అంది. బయట కారు తలుపు పడిన చప్పుడైంది. మరి కాసేపటికి మసీదులోంచి అజాన్ వినిపించింది. ఆమె ముందున్న గ్లాసు నిండుగా అలాగే ఉంది.

హెర్మన్ అతన్ని రెండు గంటలు వదల్లేదు. ఏ ఊళ్ళో ఏ చేప బాగుంటుంది, సాస్‌లో ఏ ఆకు వెయ్యాలి, అన్నీ అడిగాడు. బహదూర్ అన్నిటికీ జవాబిచ్చాడు, మామిడిపండు స్వీటు కూడా తిన్నాడు. ఏడూ యాభై ఆరుకి "చేతులు కడుక్కొస్తా" అని లేచాడు.

వాష్‌రూమ్‌లో టేప్ రికార్డర్ తీశాడు. దాని పొట్టలో శాటిలైట్ ట్రాన్స్‌మిటర్ ఉంది. పెదాలు ఆనించి గుసగుసగా, "నాలుగు, ఒకటి. ఒకటి, ఏడు. ఎనిమిది, సున్నా. రెండు, ఆరు. ఐదు, మూడు. తొమ్మిది, నాలుగు." ఎర్ర బటన్ నొక్కాడు. సిగ్నల్ లేదు. బేసిన్ ఎక్కి కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి మళ్ళీ నొక్కాడు. ఏడూ యాభై తొమ్మిదీ యాభై సెకన్లకి పచ్చదీపం వెలిగింది.

సిడ్నీలో ఒక్క బల్బు కూడా ఆరలేదు. హార్బర్ మీద బాణసంచా చూసి జనం కేరింతలు కొట్టారు.

* * *

హెర్మన్ వారం తర్వాత ఎయిర్‌పోర్టులో దొరికాడు. ఆ కారు మాత్రం దొరకలేదు. బహదూర్ ఆమె సంగతి అడిగితే, ఫైలు మూస్తూ ద్వారకానాథ్ అన్నాడు, "వహీదానా? ఆ పేరుతో మన దగ్గర ఎవరూ లేరే." బహదూర్ క్వేకర్స్ హిల్ వెళ్ళి ఆ తల్లి తలుపు ముందు అరగంట నిలబడ్డాడు. బెల్ కొట్టలేక తిరిగొచ్చాడు. వై2కే అంతా వట్టి బూటకమని పేపర్లు రాశాయి.

జనవరి నెలాఖరున ఒక మధ్యాహ్నం పక్క ఫ్లాట్ శ్యామసుందరి ఆంటీ గుత్తివంకాయ కూర గిన్నెతో వచ్చింది.

"వేడిగా ఉంది, తినెయ్యి బాబూ."

"సాయంత్రం తింటానాంటీ. ఇవాళ రోజా ఉన్నాను."

"అదేంటి, మీ రంజాన్ అయిపోయిందిగా? ఈద్‌కి నువ్వే సేమ్యా తెచ్చిచ్చావ్!"

"ఒక రోజు తప్పిపోయిందాంటీ. హాలిడేకి వెళ్ళినప్పుడు పన్నెండు నిమిషాలు ముందుగా తినేశాను. దానికి బదులు ఇది."

ఆంటీ ముక్కున వేలేసుకుంది.

"పన్నెండు నిమిషాలు ఆగలేకపోయావా! ఆ హోటల్లో వంట అంత బాగుందేంటి?"

"చాలా బాగుందాంటీ," అన్నాడు బహదూర్. "మీరెప్పుడూ వెళ్ళకండి."