మాస్టారు చదవని ప్రూఫు

కాలితో తొక్కితేనే అచ్చుయంత్రం కదిలే రోజులవి. పదో తరగతికి ఇంగ్లీషు చెప్పడానికి కొత్తగా వచ్చిన కుర్ర మాస్టారు, చేరిన వారానికే ఇంగ్లీషు క్లాసు నిబంధనలన్నీ ఒక కాగితం మీద రాసుకుని వీధి చివరి ప్రెస్‌కి వెళ్లాడు.

సీసపు అక్షరాలు ఏరుతున్న అమ్మాయి తల ఎత్తకుండానే చెయ్యి చాపింది. ప్రెస్ యజమాని కూతురు.

"ఎవరికివి? ఖైదీలకా?" అంది కాగితం చదివి.

"పిల్లలకి," అన్నాడు మాస్టారు బిగుసుకుపోయి. "తల్లిదండ్రులు సంతకం పెట్టి పంపాలి. తెలుగులో వెయ్యండి."

"ఇంగ్లీషు క్లాసుకి తెలుగు నిబంధనలు! బావుంది. రేపు సాయంత్రం వచ్చి ప్రూఫు చూసుకోండి. మీ సంతకం పడ్డాక మేం అక్షరం కదపం. ఇది మా నిబంధన."

మర్నాడు సాయంత్రం వాన. సిరా, కిరసనాయిలు, తడిసిన కాగితం కలిసిన ఆ వాసన ఇన్నేళ్లయినా అతన్ని వదల్లేదు. ప్రూఫు చేతిలో ఉంది, చూపు మాత్రం ఆమె వేళ్ల మీద ఉంది. గింజలేరే పిట్టలా ఆ వేళ్లు పెట్టెల్లోకి వెళ్లి వస్తున్నాయి. వరుస కుదరనప్పుడల్లా పెదవి కొరుక్కుంటోంది. చెవి అంచున సిరా మరక. చెబుదామనుకుని చెప్పలేకపోయాడు.

"చూశారా?" అందామె.

"చూశాను," అన్నాడు. అది పూర్తిగా అబద్ధం కాదు. సంతకం పెట్టేసి వానలో పడి వెళ్లిపోయాడు.

అచ్చయి వచ్చిన కట్టని మాస్టారు విప్పి చూడకుండానే క్లాసు లీడరు చేత పంచిపెట్టించాడు. కాగితాలు ఇళ్లకి వెళ్లిన మూడో రోజున హెడ్‌మిస్ట్రెస్ నుంచి పిలుపొచ్చింది. బల్ల మీద అదే కాగితం. ప్రతి నిబంధన కిందా చిన్నక్షరాల్లో ఒక ప్రశ్న!

'హోంవర్కు ఆలస్యమైతే తీసుకోబడదు.' కింద, 'జ్వరమొస్తే?'

'నోటుపుస్తకానికి అట్ట తప్పనిసరి.' కింద, 'పాత పేపరైనా సరేనా?'

'తరగతిలో తెలుగు మాట్లాడరాదు.' కింద, 'ఏడుపొస్తే ఏ భాషలో?'

ఒక తల్లయితే సంతకం పక్కన 'మా వాడికి జ్వరాలెక్కువ, దయచేసి జవాబు చెప్పండి' అని కూడా రాసింది.

ప్రెస్ యజమాని అప్పటికే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పక్కన కూతురు.

"దీనికిదో అలవాటమ్మా. సిరా చేతుల్తో రాస్తే కాగితం పాడవుతుందని, అనుమానం వస్తే ప్రూఫులోనే అచ్చేస్తుంది. అక్కర్లేనివి అచ్చు వేయించుకునేవాళ్లు కొట్టేస్తారు. ఈసారిలా అయింది. అన్నీ మళ్లీ వేసిస్తాను. రేపట్నుంచి ఇది ప్రెస్సులో అడుగుపెట్టదు."

ఆమె కళ్లు నిండాయి. "నా తప్పేంటి నాన్నా? ఒక్కటీ కొట్టెయ్యకుండా సంతకం పెట్టారు. ఉంచమన్నారనుకున్నాను. ఇంత మంచి మాస్టారుంటారా అని కూడా అనుకున్నాను."

ఆ చివరి మాట అతనికి ఎక్కడో గుచ్చుకుంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. నోరు మూసుకుంటే నింద ప్రెస్ మీదే పడుతుంది. ఆమె మళ్లీ ఆ అక్షరాల ముందు నిలబడదు.

ఆ గదిలో ఇంగ్లీషు మాస్టర్లు ఇంగ్లీషే మాట్లాడాలి. "మేడమ్, ఐ..." అని మొదలుపెట్టాడు. తరవాతి మాట రాలేదు.

"తప్పు నాదండీ," అన్నాడు తెలుగులో. "ప్రూఫు చదవలేదు."

"అరగంట కూర్చున్నారట. ఏం చేశారు మరి?" అంది హెడ్‌మిస్ట్రెస్.

"ఈ అమ్మాయిని చూస్తూ కూర్చున్నాను."

యజమాని కట్టుకున్న చేతులు విడిపోయాయి. కూతురు గిరుక్కున కిటికీవైపు తిరిగింది.

"ఏం మాటయ్యా అది, నా ముందే!"

"మీ వెనకాల అంటే ఇంకా తప్పు కదండీ."

హెడ్‌మిస్ట్రెస్ కళ్లజోడు తీసి, అవసరానికి మించి చాలాసేపు తుడిచింది. "మళ్లీ వేయించక్కర్లేదు. ఈ ప్రశ్నలకి జవాబులు రాసి రేపు క్లాసులో చదవండి మాస్టారూ." చివరి ప్రశ్న మీద వేలుంచి యజమానివైపు చూసింది. "అమ్మాయిని మాన్పించకండి. ఈ స్కూల్లో ఇంతవరకూ ఎవరికీ తట్టని ప్రశ్న ఇది."

వరండాలో తండ్రి విసవిసా ముందు నడుస్తున్నాడు. ఆమె కావాలనే వెనకబడింది.

"జ్వరమొస్తే?"

"తగ్గాక తెచ్చినా తీసుకుంటాను."

"పాత పేపరు?"

"ఏదైనా సరే."

"ఏడుపొస్తే?"

"ఎవరి భాషలో వాళ్లు ఏడవచ్చు. నేను కోప్పడను."

ఆమె కళ్లు తుడుచుకుంటూనే నవ్వేసింది. బుగ్గ మీద సిరా అంటుకుంది. ఈసారి చెప్పాడు. "తెలుసు," అందామె, "మొన్న చెవి దగ్గరున్నదీ తెలుసు. మీరు చెబుతారేమోనని చూశా."

గేటు దగ్గర తండ్రి ఆగి వెనక్కి తిరిగాడు. "అనుమానాలు తీరాయా, ఇంకా ఉన్నాయా?"

"ఒకటుంది నాన్నా. అది నేనడిగేది కాదు."

ఆయన కూతుర్ని చూశాడు, మాస్టార్ని చూశాడు. గొంతు సవరించుకుని, కోపం ఇంకా పూర్తిగా దిగని గొంతుతోనే అడిగాడు.

"మీ పెద్దవాళ్లు ఎక్కడుంటారయ్యా?"