పోపు ఘాటు

చిక్కడపల్లి లైబ్రరీ దాటి అశోక్‌నగర్ వైపు తిరిగే సందుల్లో ఒకదానికి మంచి పేరు లేదు. గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లలు మెట్ల కింద చోటు కూడా వదలరు ఈ పేటలో. అలాంటిది, ఆ సందులో టు-లెట్ బోర్డులు ఎండకి వెలిసిపోయేదాకా వేలాడుతుంటాయి. కారణం చివరింటి వంటగది.

ఆ వంటగదికి రెండేళ్లపాటు తాళం. వండే ఇల్లాలు పోయింది. అయినా రోజూ రాత్రి ఏడున్నరయ్యేసరికి లోపలినుంచి ఆడమనిషి దగ్గు వినిపించేదట...

గట్టి దగ్గు కాదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, పక్కగదిలోవాళ్లకి వినపడకూడదని ఆపుకునే దగ్గు.

నేనేమో నవ్వేదాన్ని. నారాయణగూడ మీదుగా మెట్రో పరుగెడుతుంటే ఇంకా దయ్యాలేమిటర్రా, ముందు పరీక్ష పాసవండి అని మా కింది వాటా కుర్రాళ్లని ఆటపట్టించేదాన్ని. నా నవ్వు మాన్పించినవాడు విఠల్.

విఠల్‌ది ముషీరాబాద్. కట్టెల పొయ్యిలు కడతాడు. హోటళ్లన్నీ 'కట్టెల పొయ్యి మీద వంట' అని బోర్డులు పెట్టుకుంటున్న రోజులు కదా, చేతినిండా పనే. మా మేడమీద నీళ్లు కాచుకోవడానికి ఒకటి పెట్టించుకుందామని పిలిచాను. ఇటుకలు పేరుస్తూ, "గొట్టం ఎన్ని అడుగులు పెట్టాలక్కా?" అని అడిగాడు.

"గొట్టం ఎందుకూ, దండగ. మేడమీదేగా, పొగ దాని దారిన అదే పోతుంది" అన్నాను.

విఠల్ తాపీ కింద పెట్టేశాడు.

"గొట్టం లేకుంటే నేను పొయ్యి కట్ట, అక్కా. ఏమనుకోకు."

ఎందుకని అడిగాను. చాలాసేపు చేతికంటిన మట్టి గిల్లుకుంటూ కూర్చున్నాడు. తర్వాత చెప్పాడు. అతను చెప్పిందే మీకు చెప్తున్నాను.

ఆ చివరింటాయన పేరు సూర్యనారాయణమూర్తి. కాకినాడ మనిషి. బషీర్‌బాగ్‌లో ఏదో ఆఫీసులో చేసి రిటైరయ్యాడు. ఒక్కడే ఉంటాడు, మెస్సునుంచి క్యారేజీ తెప్పించుకుంటాడు. కిందటేడు కార్తీకంలో విఠల్‌కి ఫోన్ చేసి, ఇంట్లో కట్టెల పొయ్యి కట్టాలి రమ్మన్నాడు.

సందు మొదట్లో ఇస్త్రీబండి ఈదమ్మ అతన్ని ఆపింది.

"ఆ ఇంటికా బిడ్డా? ఏడుకల్ల బయటపడు. ఏడు దాటితే... ఆమె దగ్గుతది."

విఠల్ నవ్వి ముందుకు వెళ్లాడు. అప్పటికి అతనూ నాలాంటివాడే.

మూర్తిగారు వంటగది తాళం తీశాడు. గోడలు, దూలాలు, గూట్లో డబ్బాలు — అన్నీ పొగచూరి నల్లగా ఉన్నాయి. మూల పాత మట్టిపొయ్యి, పక్కన ఊదుగొట్టం, ఎదురుగా అరిగిపోయిన చెక్కపీట.

"పాతది పడగొట్టెయ్ బాబూ. కొత్తది కట్టు. పొగగొట్టం పెట్టు, పెద్దది. పొగ ఒక్క పిసరు కూడా లోపల నిలవకూడదు."

"వండేదెవరు సార్?"

"ఎవరూ వండరు."

విఠల్ పీట పక్కకి జరపబోతే ఆయన గబుక్కున చెయ్యి పట్టుకున్నాడు.

"అది అక్కడే ఉండనీ."

మొదటిరోజు పని సాగదీసుకుపోయింది. ఏడు దాటింది. విఠల్ సామాను సర్దుకుంటూ గుమ్మం దగ్గరున్నాడు. లోపల దీపం ఆర్పేసి ఉంది...

దగ్గు.

వీపు వెనకే. పీట దగ్గర. ఒకటి... కొంచెం ఆగి, రెండు. ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక — మూడు.

అప్పుడు ముందుగదిలోంచి, పేపరు చాటునుంచి, మూర్తిగారి గొంతు మామూలుగా పలికింది —

"ఏమే, పొగా?"

జవాబు లేదు. దగ్గే.

విఠల్ ముందుగదిలోకి పడుతూ లేస్తూ వచ్చాడు. మూర్తిగారు పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"నువ్వూ విన్నావు కదూ? కూర్చో."

గ్యాసు మీద కాచింది ఆయన నోటికి చారే కాదట. పెళ్లయినప్పటినుంచీ భార్య రత్నమాల ఆయన కోసం కట్టెలమీదే వండింది. ఈ మూర్తిగారు రోజూ రాత్రి ఈ కుర్చీలో పేపరు పట్టుకుని కూర్చునేవాడు. లోపల ఆవిడ దగ్గేది. ఈయన ఇక్కడినుంచే, "ఏమే, పొగా?" అనేవాడు. ఆవిడ అక్కడినుంచే, "కాదండీ, పోపు ఘాటు" అనేది.

ముప్ఫై ఏళ్లు ఇదే మాట. ఎండుమిరపకాయ నూనెలో పడితే దగ్గనివాళ్లెవరు? మీరూ నేనూ కూడా నమ్మేవాళ్లమే.

"గొట్టం పెట్టించండీ అని ఎన్నోసార్లు అడిగింది. వచ్చే నెల చూద్దాంలే అనేవాణ్ణి" అన్నాడు మూర్తిగారు. "ఒకరోజు అగ్గిపెట్టె కోసం లోపలికి వెళ్లానయ్యా. కళ్లు కనపడనంత పొగ. నన్ను చూసి, పోపండీ అని నవ్వింది..."

"ఆఁ..."

"పొయ్యి మీద మూకుడు లేదు."

విఠల్ తలెత్తాడు.

"మూకుడే లేదు విఠల్. పోపెక్కడిది? నేను చూశాను. చూసి, వచ్చి, మళ్లీ ఈ పేపరే పట్టుకున్నాను. ఆ తర్వాత కూడా ఆరేళ్లు ఆ చారే తాగాను."

అంటూ మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఆసుపత్రిలో డాక్టరు, ఈవిడ సిగరెట్లు తాగేదా అని అడిగాడట. ఆవిడ మూతిమీది మాస్కు పక్కకి తీసి, ఈయన్ని చూసి, "పోపండీ" అందట. అదే ఆఖరి మాట.

"పోయాక కూడా ఆ పొగలోనే కూర్చుని దగ్గుతోంది. ఇప్పుడైనా దానికి గాలాడనీ. అందుకే పొయ్యి."

విఠల్ పారిపోదామనుకున్నవాడు మళ్లీ వెళ్లాడు. "పైసలకోసం కాదక్కా, ఆయన మొహం చూసి" అన్నాడు నాతో. నమ్మాను.

రెండో రోజుకి పొయ్యి కట్టడం అయింది. పచ్చిమీద రాజేస్తే పగుళ్లిస్తుందని అయిదు రోజులు ఆరనిచ్చాడు. ఆరో రోజు చీకటిపడ్డాక వెళ్లాడు. విఠల్‌కి ఒక పద్ధతుంది. మంట పెట్టేముందు పొయ్యి నోటిదగ్గర అగరుబత్తి వెలిగించి చూస్తాడు. పొగ గొట్టం వైపు వంగితే గాలి లాగుతున్నట్టు.

వెలిగించాడు.

పొగ గొట్టం వైపు వంగలేదు. పీట వైపు వంగింది...

కాస్త దూరం పోయి, ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్లీ పోయింది. మళ్లీ వచ్చింది. ఎవరో అక్కడ కూర్చుని ఎగఊపిరి తీస్తున్నట్టు — లోపలికి, బయటికి.

"సార్..." అన్నాడు విఠల్.

"మంట పెట్టు బాబూ. తొందరగా పెట్టు."

కొబ్బరిపీచు అంటించి రెండు కట్టెలు తోశాడు. మంట లేచింది. పొగంతా ఒక్క ఊపున గొట్టంలోకి లాక్కుపోయింది. వంటగదిలో పిసరంత లేదు. అగరుబత్తి పొగ కూడా నిటారుగా అటే.

అప్పుడు వినపడింది — నిండా తీసుకున్న ఊపిరి. నీళ్లలోంచి పైకొచ్చిన మనిషి తీసుకున్నంత పొడుగ్గా. ఆ తర్వాత ఏమీ లేదు.

ఏడున్నరైంది. ఎనిమిదైంది. మూర్తిగారు ముందుగదిలో కుర్చీలో కూర్చున్నాడు.

"ఏమే... పొగా?"

కట్టె చిటపటమన్న చప్పుడు తప్ప జవాబు లేదు, దగ్గూ లేదు. విఠల్ మేకు కొట్టినట్టు నిలబడి చూస్తుంటే, ఆ పెద్దమనిషి చంటిపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

మర్నాడు పొద్దున్నే ఫోన్.

"ఆ గొట్టం తీసెయ్ నాయనా."

"సార్?"

"ఇల్లు ఖాళీ అయిపోయిందయ్యా. రాత్రంతా ఒక్క చప్పుడు లేదు. దగ్గయినా ఉండేది నాకు... తీసెయ్."

విఠల్‌కి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయట. "ఇన్నొద్దులు ఊపిరాడక సచ్చింది సార్ అమ్మ. ఇప్పుడన్న జర ఊపిరి తీస్కోనియ్యండి. నేను తియ్య" అన్నాడు. మూర్తిగారు ఫోన్ పెట్టేశాడు.

ఆ మాట అన్నందుకు విఠల్ ఇప్పటికీ కుములుతున్నాడు. నేనైనా అదే అనేదాన్ని. నాకైతే ఆయన మీద ఇప్పటికీ కోపమే. ఆ కోపంలోనే జాలి కూడా ఉంది, ఏం చెయ్యను.

వారం తిరిగాక ఈదమ్మ ఫోన్ చేసింది.

"బిడ్డా, మళ్ల దగ్గు మొదలైంది. గని ఆడగొంతు గాదు... మగగొంతు. నాకు పరేషానైతుంది, జల్ది రా."

విఠల్ బండి ఎక్కడ పారేశాడో కూడా గుర్తులేదు. చివరింటికి పరుగెత్తాడు. గొట్టం చివర పొగ లేదు. పొగంతా వంటగది కిటికీ సందుల్లోంచి వస్తోంది. గొట్టం నోట్లో ఏదో కుక్కి ఉంది. వీధిదీపం వెలుగులో కొస వేలాడుతోంది — ఆకుపచ్చ నేతచీర అంచు.

ముందుగది దాటి వంటగది తలుపు తోశాడు. కళ్లు మండిపోయాయి. పొయ్యి ముందు మూర్తిగారు. ఆవిడ కూర్చునే పీటమీద కూర్చుని, నోటికి కండువా అడ్డం పెట్టుకుని, పచ్చికట్టెలు లోపలికి తోస్తూ దగ్గుతున్నాడు. ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక దగ్గుతున్నాడు.

"సార్! లెవ్వండి, బయటికి రండి!"

రెక్క పట్టుకుని లాగబోయాడు. ఆయన చెయ్యెత్తి ఆపాడు. చెవి ముందుగది వైపు పెట్టి ఉంది...

ముందుగదిలో ఎవరూ లేరు. దాంట్లోంచే వచ్చాడు విఠల్. ఖాళీ కుర్చీ, దానిమీద మడిచిన పేపరు చూసే వచ్చాడు.

ఆ గదిలో పేపరు గలగలమంది. ఆ వెంటనే ఆడగొంతు, మెల్లగా —

"ఏమండీ... పొగా?"

మూర్తిగారు తలెత్తాడు. కళ్లనుంచి ధారలు కారుతున్నాయి. కండువా తీసి, నవ్వి, వినపడేంత గట్టిగా అన్నాడు —

"కాదే రత్నం... పోపు ఘాటు."

పొయ్యి మీద మూకుడు లేదు.