పటికనీళ్లతో గీసిన ముఖం

ఎడమ చెంప లోతు ఆరు, గడ్డం వంపు పదకొండు. ఎడమచేతికి వేసుకున్న స్పర్శతొడుగు ఎదుటి ముఖాన్ని తడిమి చెబుతున్న అంకెలు వింటూ సువర్చల వెదురు కలాన్ని పటికనీళ్లలో ముంచి గుడ్డ మీద గీస్తోంది. గీత పడుతూనే ఆరి మాయమవుతోంది. మామూలుగా కలంకారీ వాళ్లు గీసిన చోటు తెలియడానికి పటికనీళ్లలో చిటికెడు రంగు కలుపుకుంటారు. ఆమె కావాలనే కలపలేదు.

ఎదురుగా పైడమ్మ కూర్చుని ఉంది. సువర్చలకు కనిపిస్తున్నది ఖాళీ పీట.

సముద్రం పెడన దాటి వచ్చాక స్తంభాల మీద కట్టుకున్న పట్నం ఇది. అడుగున నీళ్లు తోడేవాళ్లు లేకపోతే ఒక్క పూట నిలవదు. వాళ్లను చూస్తే పైవాళ్ల మనసు నొచ్చుకుంటుందట. అందుకని పైన పుట్టిన ప్రతి బిడ్డకూ కంటిపొర వేస్తారు. ఫొటో తీసినా, బొమ్మ గీసినా, అది వాళ్లను తుడిచేసి వెనకున్న గోడను చూపిస్తుంది. మాట మాత్రం వినిపిస్తుంది. ఇంత మర్యాదైన పాపం ఇంకోటి ఉండదు.

సువర్చల ఇంటికింద నీళ్లు తోడే మర పదకొండేళ్లుగా నడుపుతున్నది పైడమ్మే. తొడుగు వేసుకుని ఆ ముఖాన్ని మొదటిసారి తడిమిన రోజు సువర్చల ప్రతి అంకెనూ రెండేసిసార్లు సరిచూసుకుంది.

"దొరికితే నన్ను దక్షిణపు గొట్టాల్లోకి పంపేస్తారండి. అక్కడికెళ్లినోళ్లు మళ్లీ రాలేదు," అంది పైడమ్మ.

"అయితే ఆపెయ్యనా?"

పీట ముందుకు జరిగింది. "గియ్యండి. నేనున్నానని నేనొక్కదాన్నే ఎన్నాళ్లని అనుకోను?"

మర్నాడు కళాప్రదర్శన వాకిట్లో, లోపలికి వచ్చే బొమ్మల్ని తనిఖీ చేసే సమవీక్షణి యంత్రం ఆ గుడ్డను నాలుగుసార్లు చదివింది. ఏమీ లేదని తేల్చి ముద్ర వేసింది. ముద్ర పడ్డ వస్తువు జోలికి ఆ రోజంతా కంటిపొర పోదు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడు ఉంటాడని ఆ యంత్రానికి ఎవరూ చెప్పినట్టు లేదు.

సువర్చల జనం మధ్య పొయ్యి రాజేసి, ఎర్రరంగు దిగే చిరివేరు వేసిన నీళ్లు మరిగించి, గుడ్డను ముంచి కర్రతో తిప్పింది. పటిక తగిలిన చోటల్లా ఎరుపు పట్టసాగింది. ముందు కనుబొమ్మ తేలింది. తర్వాత కాస్త వంకర ముక్కు, వెడల్పాటి నుదురు. సువర్చల చెయ్యి కర్ర మీదే ఆగిపోయింది. పదకొండేళ్లూ ఆమె ఊహించుకున్నది అలిసిపోయిన ముఖాన్ని. ఇది నవ్వు ఆపుకుంటున్న ముఖం. ఇంత అందమైన మనిషి ఇన్నాళ్లూ తన కాళ్లకింద ఉందా అనుకుని ఆమె బాహాటంగా ఏడ్చింది. చుట్టూ ఉన్నవాళ్లు ముందుకు వంగి చూస్తున్నారు.

వీక్షణాధికారి మధుమూర్తి పరుగున వచ్చాడు. ముద్ర సాయంత్రం దాకా రద్దు కాదు కనక, గుడ్డను చుట్టేసి తనకిమ్మన్నాడు. అది ఎవరి ముఖమో కూడా చెప్పమన్నాడు. తన బొమ్మ చూడ్డానికి వెంట వచ్చిన పైడమ్మ ఆ గుంపులోనే ఎక్కడో నిలబడి ఉంది. తప్పంతా ఆమె మీదికి వస్తుందని సువర్చలకు భయం వేసింది. గుడ్డను చన్నీళ్ల తొట్టిలో జాడించి, మడవడానికి ఒక కొస పట్టుకుంది.

రెండో కొస దానంతట అదే లేచింది.

తడిగుడ్డ గాలిలో ఒక చుట్టు తిరిగింది. దాని కింద ఒక తల, రెండు భుజాలు, కాస్త వంగిన వీపు ఏర్పడ్డాయి. ఎర్రటి ముఖం గుండెల మీదికి వచ్చి నిలిచింది.

"మడత పెట్టకండమ్మా," అంది పైడమ్మ. "నాదే ఆ మొకం. నేను కప్పుకుంటాను."

సువర్చల తన కొస వదిలేసింది. మధుమూర్తి యంత్రం మీటలు నొక్కి చూశాడు, ముద్ర చెరగలేదు. గుడ్డ నీళ్లు కారుతూ నెమ్మదిగా ముందుకు నడిచింది. ముందు ఒకావిడ పక్కకు జరిగింది, తర్వాత ఆవిడ వెనకవాళ్లు, తర్వాత వీధి వీధంతా. పట్నం కట్టిన నాటినుంచి నీళ్లు తోడే మనిషికి పైవీధిలో దారి ఇవ్వడం అదే మొదలు.